ప్రసవము ప్రశాంతముగా జరుగవలెను

కొత్తవాగు ఏరియా ఆసుపత్రిలో కాన్పులు లోకంలో ఎక్కడైనా జరిగినట్టే జరిగేవి. నొప్పులొచ్చిన మనిషి వచ్చేది, అరిచేది, కనేది, బిడ్డను చంకనేసుకుని ఇంటికి పోయేది. ఇందులో ప్రభుత్వం సరిదిద్దవలసింది ఏదైనా ఉందని ఎవరికీ తోచలేదు. తోచింది ఒక పెద్ద అధికారికి. ఆయన తనిఖీకి వచ్చి, సూపరింటెండెంటు గదిలో భోంచేస్తూ, నాటుకోడి ముక్క నోటిదాకా తెచ్చుకున్న సమయానికి పక్క వార్డులోంచి ఒక కేక వినిపించింది. ముక్క జారి తెల్లచొక్కా మీద పడింది.

"ఎవరది?" అన్నారాయన.

"కాన్పు సార్."

"కాన్పయితే అంత గట్టిగా దేనికి?"

గదిలో ఉన్నవాళ్లెవరి దగ్గరా దీనికి జవాబు లేదు. సర్కారులో జవాబు దొరకని ప్రశ్న పథకంగా మారడం మామూలే. నెల తిరక్కుండా ఉత్తర్వు దిగింది. "ప్రసవ సమయమందు గర్భిణీ స్త్రీలు నిష్కారణముగా శబ్దోత్పత్తి గావించుచున్నట్లును, తద్వారా ప్రజారోగ్య వ్యవస్థ గౌరవమునకు భంగము వాటిల్లుచున్నట్లును ప్రభుత్వము వారి దృష్టికి వచ్చియున్నది. కావున ఇకమీదట ప్రసవము ప్రశాంతముగా జరుగవలెను. భార్యాభర్తలిరువురును ఉమ్మడిగా శిక్షణ పొంది, ప్రశాంతతా ధ్రువపత్రము స్వీకరించిన పిమ్మటనే ప్రసవ వార్డు ప్రవేశమునకు అర్హులగుదురు."

ఈ ఉత్తర్వు వచ్చేనాటికి తిరుమలేశ్ భార్య నవతకు ఏడో నెల.

తిరుమలేశ్‌కు బస్టాండు వెనక బోరుమోటార్లకు వైండింగ్ చేసే దుకాణం ఉంది. చేతిపని గట్టిది, గుండె మాత్రం పిట్టగుండె. ఫోను మోగితే ఎవరికేమైందో అని బెదిరేవాడు. మోగకపోతే ఎవరికో ఏదో అయ్యుంటుందని, తనకు చెప్పడం లేదని బెదిరేవాడు. నవత అలా కాదు. ఇంట్లోనే జాకెట్లు కుట్టేది. సూది ఎంత సూటిగా దించేదో మాటా అంతే సూటిగా దించేది. పొద్దున లేచింది మొదలు ఇద్దరి మధ్యా మాటకు మాట నడిచేది. చాయ్‌లో చక్కెర దగ్గర అందుకుంటే పక్క పరిచేదాకా అదే వరస. తిరుమలేశ్ తల్లి రాజవ్వ గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు గిల్లుతూ ఆ మాటలన్నీ రేడియో విన్నట్టు వినేది.

పెళ్లైన కొత్తలో ఒక కడుపు నాలుగో నెలలోనే నిలవకుండా పోయింది. ఆ రోజు ఆసుపత్రిలో డాక్టర్ జమీలా డ్యూటీ దిగిపోయిన తరవాత కూడా నవత మంచం అంచున కూర్చుని చెయ్యి పట్టుకుని ఉంది. అప్పటినుంచీ నవత ఒకటే మాట. మళ్లీ అంటూ అయితే ఆ డాక్టరమ్మ చేతిలోనే. ఇంకో ఆసుపత్రి పేరెత్తితే వినేది కాదు. ఆ డాక్టరమ్మ ఉన్నది కొత్తవాగులో. కొత్తవాగు వార్డు తలుపు తెరుచుకోవాలంటే ప్రశాంతంగా ఉన్నట్టు కాగితం కావాలి.

గురువారం మధ్యాహ్నం ఇద్దరూ శిక్షణకు పోయారు. ఆసుపత్రి మీటింగు హాల్లో చాపలు పరిచి ఉన్నాయి. కోళ్ల దుకాణం అతనూ, లారీ డ్రైవరూ, ఇద్దరు ముగ్గురు రైతులూ భార్యల పక్కన బాసింపట్లు వేసుకుని, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక కూర్చున్నారు. ఎదురుగా బల్ల మీద జిల్లా ప్రశాంతతా సమన్వయాధికారి పురుషోత్తమరావు. కాన్పుల పథకానికి ఎవరిని వెయ్యాలో తేలక, ఖాళీగా ఉన్నాడని మత్స్యశాఖ నుంచి డిప్యుటేషన్ మీద తెచ్చారు. ఆయన దాన్ని లోపంగా చూడలేదు.

"సోదర సోదరీమణులారా, నా ఉద్యోగ జీవితమంతయు చేపల మధ్య గడచినది. ఒక్క బొచ్చె చేప లక్షలాది గుడ్లు పెట్టును. ఏనాడైనను అది కేక వేయగా విన్నవారు ఉన్నచో చేయి ఎత్తగలరు."

ఎవరూ ఎత్తలేదు.

"అదియే ప్రశాంతత. లక్షలు కన్న జీవికి లేని బాధ ఒక్కరిని కను జీవికి ఏల?"

నవత చెయ్యెత్తింది. "చేప నీళ్లల్ల ఉంటది గద సార్. అరిచినా మనకెట్ల ఇనబడ్తది?"

పురుషోత్తమరావు ఆమెను జాలిగా చూశాడు. "అమ్మా, ప్రశ్న అనునది అశాంతికి తొలిమెట్టు."

తరవాత ఆమోదిత వాక్యాలు. నొప్పుల సమయంలో భార్యాభర్తలు తోచిన మాటలు మాట్లాడుకోకుండా శాఖ తరఫున వాక్యాలు తయారుచేసి పంపారు. భర్త భార్య చెయ్యి అందుకుని, "ఓ సహధర్మచారిణీ, నీ శ్వాసకు నా వందనము" అనాలి. భార్య చిరునవ్వుతో, "ఓ ప్రాణనాథా, నీ సన్నిధియే నాకు ఉపశమనము" అనాలి. హాల్లో ఆ మాటలు ఒక్కసారిగా లేచాయి. కోళ్ల దుకాణం అతను భార్య మొహం చూడలేక ఫ్యానుకు చెప్పాడు. తిరుమలేశ్ నాలుక "సహధర్మ" దాకా పోయి అక్కడ మడత పడింది. నవతకు నవ్వు ఆగలేదు. కడుపు పట్టుకుని నవ్వింది.

"నవ్వు కూడా శబ్దమే" అన్నాడు పురుషోత్తమరావు. "పరిమితి చిరునవ్వు వరకే."

చివరికి పరీక్ష. వేలికి నాడి చూసే క్లిప్పు పెట్టి, పిడికిట్లో బర్ఫుముక్క ఉంచుతారు. నొప్పికి అదే సాటి అని శాఖ నిర్ణయించింది. బర్ఫు కరిగేదాకా నాడి పెరగకూడదు, చిరునవ్వు తగ్గకూడదు. నవత బర్ఫు పట్టుకుని, కిటికీలోంచి బయట ఎవరి జాకెట్టు ఎలా కుట్టారో చూస్తూ కూర్చుంది. పాసయింది. తిరుమలేశ్ వేలికి క్లిప్పు పెట్టగానే మిషను కీచుకీచుమంది.

"ఇంక బర్ఫే పట్టుకోలె గద సార్" అన్నాడు.

"బర్ఫునకు ముందే ఇట్లున్నచో బర్ఫు తరువాత సంగతి వేరుగా చెప్పనవసరము లేదు. భర్త అశాంతుడు. దంపతులు అనుత్తీర్ణులు."

"నేను పాసైన గద" అంది నవత.

"ప్రశాంతత ఉమ్మడి ఆస్తి తల్లీ. సగము ప్రశాంతతకు పత్రము ఈయబడదు."

దారిపొడుగునా నవత అతన్ని వదల్లేదు. "కనేది నేను, నీ గుండె కొట్టుకునుడేంది?" అంది. "నువ్వు కంటవని తెలిసే కొట్టుకుంటాంది" అన్నాడతను. ఆ మాటకు ఆమె కాసేపు మెత్తబడింది. ఇంటికి చేరేలోగా ఇద్దరూ ఒక నిర్ణయానికి వచ్చారు. పరీక్ష మళ్లీ ఉంది కాబట్టి ఇంట్లో సాధన చెయ్యాలి. మాటకు మాట బందు. ఆమోదిత వాక్యాలే.

మర్నాడు పొద్దున తిరుమలేశ్ చాయ్ తాగి, అందులో చక్కెర లేకపోయినా, "నీ చేతి చాయ్‌కి వందనం" అన్నాడు. నవత "నీ సన్నిధే ఉపశమనం" అంది. అతను దుకాణానికి పోతూ తాళం చెవి మరిచిపోతే ఆమె ఏమీ అనకుండా చిరునవ్వుతో తెచ్చి ఇచ్చింది. రాజవ్వ చేతిలో చిక్కుడుకాయ చేతిలోనే ఆగిపోయింది. సాయంత్రందాకా చూసింది. రాత్రి అన్నాల దగ్గర కూడా ఇద్దరూ ఒకరినొకరు "మీరు" అనుకుంటుంటే ఇక ఆగలేక పక్కింటికి పోయి నవత పుట్టింటికి ఫోను కలపమంది.

"జెర వచ్చి పోండ్రి అన్నా. నా కొడుకూ కోడలూ కొట్లాడుత లేరు. పొద్దుగాల్ల సంది ఒక్క మాట తూలలే. నాకేందో మంచిగ అనిపిస్త లేదు."

తెల్లవారి మొదటి బస్సుకు నవత తండ్రి, వెంట ఊరి పెద్దమనిషి ఒకాయన దిగారు. మంచం మీద కూర్చుని గొంతు సవరించుకుని, "ఏమైంది బిడ్డా? ఎంతదాంక పోయింది?" అన్నారు. సంగతి చెబితే ముందు నమ్మలేదు. నవత ఉత్తర్వు కాగితం చదివి వినిపించింది. పెద్దమనిషి తల గోక్కుని, "గిట్లనైతే నా పెండ్లాం మా ముగ్గురు పిల్లలకు ఇప్పటిదాంక జైల్ల ఉండాలె" అన్నాడు.

వాళ్లను పంపి వచ్చాక తిరుమలేశ్ "ఏమే, నీ తండ్రికి చాయ్ గూడ పొయ్యకుండ పంపినవ్" అన్నాడు. నవత "పోసిన. నువ్వు చూస్తే గద. నీ కండ్లు ఏడున్నయి" అంది. అక్కణ్నుంచి పాలు, పాలవాడు, పాలవాడికి ఇచ్చిన మాట, దాన్ని మరిచిపోయిన మనిషి, ఆ మనిషి చిన్నప్పటినుంచీ అంతేనని రాజవ్వ సాక్ష్యం. అరగంట గడిచేసరికి ముగ్గురి మొహాల్లోనూ నెత్తురాడింది. ఆ రాత్రి ఇంట్లో అందరికీ కంటినిండా నిద్ర పట్టింది.

ఎనిమిదో నెల చెకప్పుకు పోయినప్పుడు తిరుమలేశ్ డాక్టర్ జమీలాకు ఇదంతా చెప్పుకున్నాడు. ఆమె నవతను పరీక్ష చేసి, చేతులు కడుక్కుంటూ నవ్వింది.

"చూడు తిరుమలేశ్, ప్రశాంతంగ ఉండుడంటే నోరు మూసుకొనుడు గాదు. భయం తగ్గాలె. నొప్పి వచ్చినప్పుడు గాలి మెల్లగ, పొడుగ్గ బయటికి వదలాలె. నడవాలె. నడుం కింద నువ్వు అరచేత్తో గట్టిగ ఒత్తాలె. నీళ్లు గుక్కెడు గుక్కెడు తాపాలె. ఆమె తిడ్తే పడాలె."

"అది అలవాటే డాక్టరమ్మా."

"అరవాలనిపిస్తే?" అంది నవత.

"అరువు. నోరు బిగబడితే ఒళ్లంత బిగబడ్తది. ఇగ మీ ఇద్దరి సంగతి నాకు తెల్వదా? మీరు గమ్మునుంటేనే నాకు భయమైతది."

ఆ రోజునుంచీ సాయంత్రాలు డాబా మీద వాళ్ల సాధన సాగింది. నవత నీళ్ల ట్యాంకు చుట్టూ నడిచేది. నొప్పి వచ్చిందనుకుని ఆగి, తిరుమలేశ్ భుజాల మీద చేతులు వేసి ఊగేది. అతను నడుం కింద ఒత్తేవాడు. "గది మోటరు కాదు, మెల్లగ" అనేది. మెల్లగా ఒత్తితే "అన్నం తినలేదా" అనేది. ఒకనాడు అలా భుజం మీద తల ఆనించినప్పుడు, ఉన్నట్టుండి మాట మారింది.

"మల్ల గట్లనే అయితదేమోనని బుగులైతాంది" అంది.

ఆమె నోట ఆ మాట అతను ఎప్పుడూ వినలేదు. భయం తన వాటా అనీ, ధైర్యం ఆమె వాటా అనీ కాపురం మొదట్లోనే పంచుకున్నారనుకున్నాడు. ఆమోదిత వాక్యాల్లో దీనికి తగింది లేదు.

"నాగ్గూడ గదే బుగులు" అన్నాడు.

"మరి చెప్పలేదేంది?"

"నువ్వు బెదురుతవని."

"నేను నువ్వు బెదురుతవని చెప్పలే."

ఇద్దరూ కాసేపు అలాగే ఊగారు. కింది నుంచి రాజవ్వ "పైన ఏం చేస్తాండ్రే, లొల్లి ఇనబడ్త లేదు" అని కేకేసింది. భయం పోలేదు గానీ రెండు చోట్ల ఉన్నది ఒక్క చోటికి వచ్చింది. అలా వచ్చాక మోయడం కొంచెం తేలికైంది.

ఈలోగా ఆసుపత్రిలో పథకం ఊపందుకుంది. ప్రసవ వార్డుకు తామరపూల బొమ్మల రంగులేశారు. ఏసీ పెట్టారు. పైనుంచి వేణువు సంగీతం వచ్చే ఏర్పాటు చేశారు. తలుపు మీద శబ్దమాపకం అనే యంత్రం బిగించారు. లోపల చప్పుడు లేకుంటే పచ్చదీపం, ఉంటే పసుపు, మించితే ఎర్రదీపం, దాంతోపాటు సైరన్. సైరన్ మోగిన తొలిరోజు ఎవరి చప్పుడుకు మోగిందో ఆవిడ కని, పాలిచ్చి, నిద్రపోయినా అది ఆగలేదు. తన చప్పుడుకు తనే మోగుతోందని కనుక్కోవడానికి హైదరాబాదు నుంచి ఇంజినీరు రావలసి వచ్చింది. ఆయన సైరన్‌ను విప్పి వరండా చివర, పురుషోత్తమరావు గది నెత్తిన పెట్టిపోయాడు.

పత్రం లేకుండా నొప్పులతో వచ్చేవాళ్లను ఏం చెయ్యాలన్న ప్రశ్న కూడా వచ్చింది. వాళ్లే ఎక్కువ. వెళ్లగొట్టడానికి వీల్లేదని డాక్టర్ జమీలా పట్టుబట్టింది. వార్డులోకి రానివ్వడానికి వీల్లేదని ఉత్తర్వు పట్టుబట్టింది. మధ్యేమార్గంగా సైకిల్ స్టాండు రేకుల షెడ్డుకు "అశాంత విభాగము" అని బోర్డు కట్టారు. డాక్టర్ జమీలా అక్కడికి మంచాలు, పరదాలు, లైట్లు, ఆక్సిజన్, పసిపిల్లల సామాను అన్నీ మోయించుకుపోయింది. సిస్టర్ ఎలిశమ్మ వెంట నడిచింది. అప్పటినుంచీ, పత్రం ఉన్నా లేకున్నా, కొత్తవాగు కాన్పులన్నీ సైకిల్ స్టాండులోనే. అరిచేవాళ్లు అరుస్తున్నారు, కనేవాళ్లు కంటున్నారు.

ప్రసవ వార్డులో ఇక ఎవరూ కనకపోవడంతో అక్కడ ప్రశాంతత నూటికి నూరుపాళ్లకు చేరింది. పచ్చదీపం రాత్రింబవళ్లు ఆరలేదు. ప్రశాంత ప్రసవాల్లో ఆ వార్డు రాష్ట్రంలో మొదటి స్థానం అని ప్రకటన వెలువడింది. పురుషోత్తమరావుకు శాలువా కప్పారు.

తిరుమలేశ్ రెండోసారీ, మూడోసారీ తప్పాడు. మూడోసారి క్లిప్పు పెట్టకముందే, పురుషోత్తమరావు తన వైపు చూసినందుకే మిషను అరిచింది. అతన్ని "దీర్ఘకాలిక అశాంతుడు" అనే వర్గంలో వేశారు. అతను బయటికి వచ్చి భార్యతో, "మంచిదే అయింది. డాక్టరమ్మ సైకిల్ స్టాండులనే ఉన్నది" అన్నాడు. పెళ్లయ్యాక అతను గాబరా పడకుండా తీసుకున్న మొదటి నిర్ణయం అదే.

నెలలు నిండాయి. ఒక బుధవారం పొద్దున నవత జాకెట్టుకు హుక్కులు కుడుతుంటే నొప్పి అందుకుంది. గాలి పొడుగ్గా వదిలి, మిగిలిన హుక్కులు కుట్టి, దారం కొరికి, "ఏమయ్యా, ఆటో పిలువు" అంది. తిరుమలేశ్ చెప్పులు లేకుండా బయటికి ఉరికాడు. రాజవ్వ బట్టల మూట పట్టుకుని ఎక్కింది.

ఆసుపత్రి గేటు దగ్గర పురుషోత్తమరావు కొత్త సఫారీ సూటులో, చేతిలో పూలగుత్తితో, చెమటలు కక్కుతూ నిలబడి ఉన్నాడు. మొదటి స్థానాన్ని పరిశీలించడానికి రాజధాని నుంచి ప్రత్యేక కార్యదర్శి, ఆమె బృందం ఆ రోజే వస్తున్నారు. వచ్చి ఒక ప్రశాంత ప్రసవాన్ని ప్రత్యక్షంగా గమనిస్తామన్నారు. పత్రమున్న దంపతులకు ఆయన తెల్లవారుజాము నుంచి ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. ఎవరికీ నొప్పులు రాలేదు. వాళ్లు మరీ అంత ప్రశాంతంగా ఉన్నారు. ఆటోలోంచి నవత దిగడం చూసి ఆయన పూలగుత్తి ఆమె చేతిలో పెట్టేశాడు.

"దయచేయండి. మీకు ధ్రువపత్రము మంజూరు చేయడమైనది."

"నేను మూడుమాట్ల ఫెయిలైన గద సార్" అన్నాడు తిరుమలేశ్.

"తమరి అశాంతిని వెనుకటి తేదీ నుండి రద్దు పరచినాము."

"నన్ను సైకిల్ స్టాండుకు తోల్కపో" అంది నవత పళ్ల మధ్య నుంచి. "ఈ పూలు ఎవలన్న పట్టుకోండ్రి."

డాక్టర్ జమీలా షెడ్డులోంచి వచ్చింది. నవత నాడి చూసింది. పురుషోత్తమరావు మొహం చూసింది. ఖాళీ వార్డు వైపు చూసింది. "చల్లగ ఏసీ ఉన్నది, పద నవతా. నేను ఏడుంటే షెడ్డు ఆడనే. ఎలిశమ్మా, ఒక మంచం, పసిపిల్లల సామాను ఇటు తేపియ్యి." తరవాత పురుషోత్తమరావుతో అంది. "లోపలికి ఆమె, ఆమె భర్త, మేము. ఇంకెవరూ అడుగు పెట్టొద్దు. మీ మేడమ్ దీపాలు చూసుకుంటరు."

అలా, షెడ్డు మొదలయ్యాక ఆ వార్డులో మంచమెక్కిన మొదటి మనిషి నవత అయింది. బయట వరండాలో కుర్చీలు వేశారు. ప్రత్యేక కార్యదర్శి, ఇద్దరు సహాయకులు జీడిపప్పు తింటూ తలుపు మీది పచ్చదీపాన్ని గమనించసాగారు. రాజవ్వ వాళ్ల పక్కనే నేల మీద మూటతో కూలబడింది.

లోపల నవత నడిచింది. డాబా మీద నడిచినట్టే. నొప్పి వస్తే ఆగి, అతని భుజాలు పట్టుకుని ఊగింది. అతను అరచేత్తో నడుం ఒత్తాడు. తలుపు సందులోంచి పురుషోత్తమరావు గొంతు సన్నగా వచ్చింది. "వాక్యము. వాక్యము చెప్పవలెను."

"ఓ సహధర్మ..." అన్నాడు తిరుమలేశ్ అలవాటు మీద.

"గదొక్కటి అన్నవనుకో, ఈడనే తంత" అంది నవత. "ఇంట్ల మోటరు బందు పెట్టినవా?"

"పెట్టిన."

"పెట్టలే. నీ మొకం చెప్తాంది."

"పెట్టిననే. నా చేత్తోని పెట్టిన."

"నీ చేయి సంగతి నాకు తెల్వదా? పెండ్లినాడు తాళి మూడు ముళ్లు వేసినవా, రెండే వేసినవా అని ఇప్పటికీ మా అమ్మకు అనుమానమే." గాలి పొడుగ్గా వదిలింది. "కొంచెం కిందికి ఒత్తు."

దీపం పసుపుకు మారింది. ప్రత్యేక కార్యదర్శి కళ్లద్దాలు సర్దుకున్నారు. "లోపల ఏమిటా సంభాషణ?"

"దాంపత్య వాగ్వివాదము ద్వారా ఉపశమన చికిత్స మేడమ్" అన్నాడు పురుషోత్తమరావు. "మా జిల్లా స్వయముగా కనుగొన్న పద్ధతి."

"నోట్ చేసుకోండి" అన్నారామె సహాయకుడితో.

మధ్యాహ్నానికి మాటలు తగ్గాయి. నొప్పులు దగ్గరపడ్డాయి. తిరుమలేశ్ చేతులు తిమ్మిరెక్కాయి. అతనికి ఒక విచిత్రం తోచింది. ఇంతసేపూ తన గుండె సంగతే తను మరిచిపోయాడు. నీళ్లు తాపడం, చెమట తుడవడం, ఒత్తడం, తిట్లు తినడం. గాబరా పడడానికి తీరిక దొరకలేదు.

"ఇగ నీ ఇష్టమున్నంత అరువు తల్లీ" అంది డాక్టర్ జమీలా. నవత అరిచింది. తామరపూల గోడలు అదిరాయి. తలుపు మీద ఎర్రదీపం, వరండా చివర సైరన్. పురుషోత్తమరావు రెండు చేతులతో చెవులు మూసుకుని, "ఇది కేవలము యంత్ర లోపము మేడమ్" అని అరిచాడు. అంత గట్టిగా ఆయన అరవడం మత్స్యశాఖలో కూడా ఎవరూ వినలేదు.

అంతలో సైరన్ ఆగిపోయింది. ఎర్రదీపం ఆరి పచ్చదీపం వెలిగింది.

ప్రత్యేక కార్యదర్శి లేచి నిలబడ్డారు. "అద్భుతం" అన్నారు. "ఒక్క శబ్దం లేదు. దీన్నే కదా మనం కోరుకున్నది." బృందం చప్పట్లు కొట్టింది.

ఆ చప్పట్లు లోపలికి వినిపించాయి. లోపల బిడ్డ పుట్టి, డాక్టర్ జమీలా చేతుల్లో, ముదురు నీలం రంగులో, చప్పుడు లేకుండా ఉంది. మెడ చుట్టూ ఉన్న పేగు ఆమె అప్పటికే తీసేసింది. పొడిగుడ్డతో వీపు రుద్దుతోంది. ఎలిశమ్మ బిడ్డ నోరు శుభ్రం చేస్తోంది. పైన వేణువు మోగుతోంది.

"ఏడుస్త లేదేంది డాక్టరమ్మా" అంది నవత. ఆ గొంతు తిరుమలేశ్ ఎరిగిన గొంతు కాదు.

అతని చెయ్యి ఆమె చేతిలో ఉంది. ఎవరు ఎవరిని పట్టుకున్నారో తెలియలేదు. బయట చప్పట్లు ఇంకా ఆగలేదు. అతను బిడ్డ మీదికి వంగాడు.

"అరువు బిడ్డా" అన్నాడు. "నిన్నెవలేమనరు. అరువు."

డాక్టర్ జమీలా అరికాలి మీద వేలితో కొట్టింది. మళ్లీ కొట్టింది. బిడ్డ మొహం ముడుచుకుంది, చిన్న దగ్గు దగ్గింది, గాలి లోపలికి లాగింది. తరవాత అందుకుంది. నీలం పోయి ఎరుపెక్కుతూ, పిడికిళ్లు బిగించి, అడ్డూ ఆపూ లేకుండా అందుకుంది. ఎర్రదీపం వెలిగింది. సైరన్ మళ్లీ లేచింది. పాప పోటీకి పోయినట్టు ఇంకో మెట్టు పైకెక్కింది. వరండాలో రాజవ్వ మూట వదిలేసి, ప్రత్యేక కార్యదర్శి మోకాలి మీద చరిచి, "పుట్టిందమ్మా, నా మనుమరాలో మనుమడో, ఏదైతేంది" అంది.

"ఇప్పుడు అరుస్తున్నదెవరు?" అన్నారు కార్యదర్శి సైరన్‌కు మించి గొంతు పెంచి.

"శిశువు మేడమ్."

"శిశువుకు శిక్షణ ఇవ్వలేదా?"

పురుషోత్తమరావు సూటు సర్దుకున్నాడు. "తరగతులకు హాజరైనదే గాని మేడమ్, లోపల ఉండుటచే గ్రహింపు ఏ మేరకో తెలియరాలేదు."

డాక్టర్ జమీలా తలుపు తీసుకుని వచ్చింది. గౌను మీద నెత్తురు ఉంది. "ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నరు" అంది రాజవ్వతో. తరవాత కార్యదర్శి వైపు తిరిగి మామూలుగా చెప్పింది. "ఆ పచ్చదీపం వెలిగినప్పుడు మీరు చప్పట్లు కొట్టిండ్రు మేడమ్. పాప అప్పుడు ఊపిరి తీస్త లేదు."

కార్యదర్శి చేతిలో జీడిపప్పు పలుకు ఒకటి మిగిలింది. ఆమె దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక కొంతసేపు పట్టుకునే నిలబడ్డారు. తరవాత ఆ సైరన్‌ను ఆపమని ఒక్క మాట చెప్పి కారెక్కారు.

ప్రభుత్వం తప్పును ఒప్పుకోదు గానీ స్పష్టీకరణ ఇస్తుంది. పది రోజుల్లో వచ్చింది. "శిశువు యొక్క రోదన సహజ శబ్దముగా పరిగణింపబడును. దానికి పరిమితి వర్తించదు. తల్లి శబ్దములకు యథాపూర్వ పరిమితి వర్తించును." ఎలిశమ్మ దాన్ని రెండుసార్లు చదివింది. ఆనాటినుంచీ ఎవరు అరిచినా, ఎప్పుడు అరిచినా, రికార్డులో "శిశు రోదన" అనే రాయడం మొదలుపెట్టింది. తల్లుల శబ్దం సున్నాకు దిగింది. అందరూ ప్రశాంతులే అయ్యేసరికి పత్రాల అవసరం దానంతటదే పోయింది. మంచాలు తిరిగి వార్డులోకి వచ్చాయి. ఏసీ కింద, తామరపూల మధ్య, కొత్తవాగు ఆడవాళ్లు హాయిగా అరుచుకుంటూ కన్నారు. షెడ్డులోకి సైకిళ్లు తిరిగి చేరాయి.

చిక్కల్లా లెక్కల దగ్గర వచ్చింది. కొత్తవాగులో శిశువులు పుట్టడానికి ఒక పూట ముందునుంచే ఏడుస్తున్నట్టు రాజధానిలో తేలింది. కొందరు ఏడుస్తూ ఏడుస్తూ డాక్టర్ని పేరు పెట్టి పిలిచినట్టు, ఒకరిద్దరు అత్తగారిని తిట్టినట్టు కూడా రికార్డయింది. వెంటనే "ప్రసవపూర్వ శిశు రోదన అధ్యయన సంఘము" ఏర్పాటైంది. అనుభవం ఉన్నవాడని దానికి పురుషోత్తమరావును కన్వీనర్ చేశారు.

పాపకు టీకా వేయించడానికి వచ్చిన రోజు తిరుమలేశ్‌నూ నవతనూ సంఘం ముందు కూర్చోబెట్టారు. రాజధాని నుంచి వచ్చిన సభ్యుడు కళ్లజోడు మీదినుంచి చూశాడు. పాప నవత ఒళ్లో నిద్రపోతోంది.

"మీ శిశువు జన్మించుటకు పూర్వము ఎంతసేపు రోదించినది?"

"పుట్టకముందు బిడ్డ ఏడ్వలే సార్" అంది నవత. "పుట్టినంక ఏడ్చింది. అది ఏడ్సుడు షురూ చేసినంక ఇగో, ఈయన ఏడ్చిండు. బిడ్డ ఊకున్నా ఈయన ఊకోలే. నన్ను పట్టుకొని ఒకటే ఏడ్సుడు."

సభ్యుడు కలం ఆపి పురుషోత్తమరావు వైపు చూశాడు. ఆయన పక్కకు వంగి, "భర్త రోదనకు సంబంధించి మార్గదర్శకములు ఇంకను జారీ కాలేదు" అన్నాడు మెల్లగా.

"నేనేం ఏడ్వలే సార్" అన్నాడు తిరుమలేశ్. "చెమట పట్టింది."

నవత పాపను భుజానికి ఎత్తుకుని లేచింది.

"ఏసీలనా?" అంది.